చెంచులక్ష్మి సొంత పేరేమిటి?

తిరుమలలో అన్నప్రసాదం తిన్నవాళ్లకు తరిగొండ వెంగమాంబ పేరు తెలుసు. ఆమె యక్షగానాలు రాసిందనీ, వాటిలో ఒకటి 'చెంచు నాటకం' అనీ టీచర్ ట్రైనింగ్‌లో నాకెవరూ చెప్పలేదు.

పద్దెనిమిదో శతాబ్దపు మనిషి. చిన్ననాడే భర్త పోయాడు. తల గొరిగించుకోమంటే ఒప్పుకోలేదనీ, స్వామే నా భర్త అందనీ చెబుతారు. అలాంటి ఆమె, నరసింహుడు మనువాడిన చెంచుపిల్ల కథను ఎంచుకోవడం ఊరికే జరిగిందనుకోను. వాళ్ల కులంలో విధవకు మూసేసిన తలుపు చెంచుగూడెంలో తెరిచే ఉంది. అక్కడ మారుమనువు తప్పు కాదు. ఆ ఎంపికకు ఆమెను మెచ్చుకుంటాను. కానీ అక్కడే ఆగలేను.

ఇంగ్లండులో రాతతో బతికిన తొలి స్త్రీలలో ఒకరు ఆఫ్రా బెన్. నాటకాలు చాలా రాసింది. 1688లో వచ్చిన ఆమె 'ఒరూనోకో' బానిసగా అమ్ముడుపోయిన ఆఫ్రికా రాకుమారుడి కథ. ఎక్కువ భాగం దక్షిణ అమెరికాలోని సురినాంలో నడుస్తుంది. అక్కడి ఆదివాసులను పాపమెరుగని వాళ్లని తెగ పొగుడుతుంది. ఆ వెంటే అసలు సంగతి బయటపడుతుంది: వాళ్లు మనకంటే చాలా ఎక్కువమంది, స్నేహంగా ఉండక తప్పదు. పొగడ్త వెనక లెక్క ఉందన్నమాట! అక్కడి ఈకల దుస్తులను లండన్ నాటకశాలకు ఇచ్చానని కూడా రాసుకుంది. వాటిని కట్టిన చేతులకు మాత్రం పేరు లేదు. నేను పనిచేసే ఉప్పాడలో జాందానీ చీరదీ అదే కథ. బిల్లు మీద కొన్నవారి పేరుంటుంది, నేసినవారిది ఉండదు.

వెంగమాంబకు చెంచులతో బేరాలు లేవు, ఆమెను బెన్ పక్కన నిలబెట్టి తిట్టను. అయినా పేరు సంగతి ఇక్కడా ఉంది. చెంచులక్ష్మి అంటే సగం తెగ పేరు, సగం దేవత పేరు. మా క్లాసులో ఒక పిల్ల అడిగింది, "వాళ్లమ్మ ఆమెను ఏమని పిలిచేది సార్?" అని. నా దగ్గర జవాబు లేదు.

అహోబిలం చెంచులు నరసింహుణ్ణి తమ అల్లుడంటారు. సంక్రాంతి తర్వాత పారువేటలో స్వామే పల్లకీలో ఊళ్లు తిరిగి పెళ్లికి పిలుస్తాడట. అటునుంచి చూస్తే, అడవిపిల్లకు దేవుడు దొరకలేదు. దేవుడికే చెంచులు పిల్లనిచ్చారు. అల్లుడికి అత్తవారింట మర్యాదా దక్కుతుంది, మాటా పడుతుంది. ఆ మాటలున్న నాటకం చెంచుల నోట వినాలని ఉంది.