వాల్వు రేడియోకు మళ్లీ మాట

1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది. అంతకుముందు ఈ కోస్తా ప్రాంతంలో రేడియోలో తెలుగు వినాలంటే మద్రాసు కేంద్రమే దిక్కు. తెనాలి నుంచి బాపట్ల వెళ్లే రైలు దారిలో ఉన్న చుండూరు లాంటి ఊళ్లకు అప్పటి నుంచి తెలుగు వార్తలూ పాటలూ దగ్గర నుంచే అందాయి. కరెంటు రాని ఇళ్లలో వాల్వు సెట్టు 90 వోల్టుల బ్యాటరీ మీద నడిచేది. రేడియో వాల్వులు మనదేశంలోనూ తయారయ్యాయి. సైన్యానికి రేడియో పరికరాలు అందించడానికి 1954లో బెంగళూరులో పెట్టిన భారత్ ఎలక్ట్రానిక్స్ ఇళ్ల రేడియోలకు కావలసిన వాల్వులూ చేసింది.

కరెంటుతో నడిచే పాత వాల్వు సెట్టు అటక మీద దొరికితే వెంటనే ప్లగ్గులో పెట్టకండి. ఈ కోస్తా తేమకు మైనం పూసిన కాగితం కండెన్సర్లు లోలోపల లీకవుతాయి. ఏళ్లతరబడి వాడని ఫిల్టర్ కండెన్సర్ షార్ట్ అయితే రెక్టిఫయర్ వాల్వు, దాని వెనకే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతాయి. అందుకే పాత మెకానిక్కులు 60 వాట్ల బల్బు సిరీస్‌లో పెట్టి కరెంటు ఇస్తారు. బల్బు నిండుగా వెలిగి అలాగే ఉండిపోతే లోపల షార్ట్ ఉన్నట్టే. ఇంకో జాగ్రత్త ప్రాణానికి సంబంధించింది. యూసీఎల్ 82, యూవై 85 వాల్వులున్న ఏసీ–డీసీ సెట్లలో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. కరెంటు తీగల్లో ఒకటి నేరుగా ఛాసిస్‌కే కలుస్తుంది. ప్లగ్గు తిరగబడితే ఆ ఇనప రేకు మొత్తం షాక్ కొడుతుంది.

అన్నిటికన్నా ముందు మార్చాల్సింది అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కు వెళ్లే చిన్న కండెన్సర్. అది లీకైతే గ్రిడ్ మీద పాజిటివ్ వోల్టేజీ చేరుతుంది, వాల్వు మోతాదుకు మించి కరెంటు లాగుతుంది, చివరికి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలు తెగుతాయి. కొన్ని రూపాయల వస్తువు మార్చకపోతే ఎక్కడా దొరకని వస్తువు పోతుంది.

లోపాన్ని స్పీకర్ వైపు నుంచి వెనక్కి వెతకాలి. వాల్యూమ్ కంట్రోలు మధ్య కాలును ఇన్సులేషన్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్ మొనతో తాకితే హమ్ రావాలి. వస్తే ఆడియో భాగం బాగున్నట్టే, తప్పు ముందుభాగంలో ఉంది. అక్కడ ఆసిలేటర్‌ను చూడాలి. విజయవాడ 837 కిలోహెర్ట్జ్ పట్టాలంటే, ఐఎఫ్ (మధ్యంతర ఫ్రీక్వెన్సీ) 455 కిలోహెర్ట్జ్ ఉన్న సెట్టులో ఆసిలేటర్ 1292 దగ్గర పలకాలి. ఆ రెంటి తేడానే తర్వాతి దశలు పెంచి వినిపిస్తాయి. ఇది అర్థం కాకుండా ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్ల స్క్రూలు తిప్పేవాళ్ల వల్ల పాడైన సెట్లు చాలా ఉన్నాయి. కండెన్సర్లు సరిచేయకముందు ఆ స్క్రూల జోలికి పోకూడదు.

ఈ పనిలో నాకు అన్నిటికన్నా విలువగా తోచేది ఇదే: ప్రతి భాగమూ కంటికి కనిపిస్తుంది, ప్రతి లోపానికీ కారణం దొరుకుతుంది. ఒక మీటరు, టంకం, ఓపిక ఉన్న మనిషి ఈ రేడియోను పూర్తిగా అర్థం చేసుకోగలడు. అందుకే చెక్క పెట్టె మాత్రం ఉంచి, లోపలంతా పీకేసి బ్లూటూత్ బోర్డు బిగించడం చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది. అది రేడియోను కాపాడటం కాదు.

శ్రద్ధ ఉన్నవాళ్లు పాత కండెన్సర్ గొట్టాన్ని వేడిచేసి ఖాళీ చేసి, కొత్తదాన్ని అందులోనే దాచి మైనంతో మూస్తారు. ఛాసిస్ మునుపటిలాగే కనిపిస్తుంది. కానీ మార్చిన విలువలూ తేదీ కాగితం మీద రాసి పెట్టె లోపల అంటించాలి. లేకపోతే మళ్లీ ఎప్పుడో వెనక అట్ట విప్పే మెకానిక్ అది పాతదే అనుకుని మంచి కండెన్సర్‌ను కోసేస్తాడు.