బాత్రూంలో చెక్కపీట

పాత ఫ్లాటు కొనబోయేవాళ్లు తనిఖీకి పిలిస్తే, అందులో ఉంటున్నవాళ్లు ముందుగా చూపించేది పగుళ్లు. తలుపు పైన వెంట్రుకవాసి గీత కనిపించినా సంజాయిషీ మొదలుపెడతారు. చాలాసార్లు అది ఇటుక గోడ, కాంక్రీటు బీము కలిసేచోట వచ్చే గీతే, భయపడాల్సింది కాదు. నేను వెతికేది వాళ్లు చెప్పనివాటిని. దాచాలని కాదు, ఏళ్ల తరబడి చూసి చూసి అవి వాళ్ల కంటికి ఆనడం మానేస్తాయి.

కూకట్‌పల్లిలో ఒక ఇంట బాత్రూం నల్లా ముందు చెక్కపీట వేసి ఉంది. ఎందుకని అడిగితే పెద్దావిడ మామూలుగా చెప్పింది: "గీజరు వేసి ఉంటే నల్లా కాస్త జివ్వుమంటుంది నాయనా. పీట మీద నిలబడితే ఏమీ కాదు."

తడిసిన చెక్కలో కరెంటు పారుతుంది. వెంటనే గీజరు ఆపించి మీటరు పెట్టి చూశాను. లోపలి హీటింగ్ కాయిల్ దెబ్బతిని కరెంటు నీళ్లలోకి దిగుతోంది. అది ఎర్తింగ్‌లోకి పోవాలి. కానీ సెల్లార్‌లో ఎర్త్ గొయ్యి మీద పార్కింగ్ టైల్స్ పరిచేశారు. నీళ్లు పోసే దారి లేక అడుగున మట్టి ఎండిపోయింది. ఇక మిగిలిన రక్షణ ఆర్‌సీసీబీ. 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పితే చాలు, 0.3 సెకన్లలోపే సరఫరా ఆపేయాలి. బోర్డు తెరిస్తే దాన్ని తప్పించి తీగలు నేరుగా కలిపేసి ఉన్నాయి. మాటిమాటికీ పడిపోతోందని ఎలక్ట్రీషియన్‌తో అలా చేయించుకున్నారట. అది పడిపోవడమే ఆవిడను కాపాడటం! ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ చెప్పకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఇంకో ఇంట్లో ఈశాన్యాన బాత్రూం ఉందని కమోడ్ తీయించి, పైపు నోట్లో గుడ్డలు కుక్కి, పైన టైల్ వేసి పూజగది చేసుకున్నారు. శ్రద్ధగా అలంకరించిన గది. లోపలికి వెళ్తే అగరొత్తుల వెనక మురుగు వాసన. పై అంతస్తుల మురుగంతా అదే నిలువు పైపులో దిగుతుంది, అందులోని వాయువుకు గుడ్డలు అడ్డం కాదు. పైపుకు సరైన మూత బిగించి అతికించాలని చెప్పాను. గది మార్చమనలేదు. వాళ్ల నమ్మకం తనిఖీ చేయడం నా పని కాదు.

మూసేసిన బాత్రూంలో గ్యాస్ గీజరు కనిపిస్తే మాత్రం నేను మెత్తగా మాట్లాడను. గాలి ఆడనిచోట దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ఊపిరాడటం లేదని తెలిసేలోపే మనిషి పడిపోతాడు.

కొత్త ఫ్లాట్లలో అలవాటు మరోలా ఉంటుంది. చెమ్మ పట్టిన గోడకు బీరువా ఆనించేస్తారు, లేదా పుట్టీ పెట్టి రంగేస్తారు. 2016 నాటి రెరా చట్టం ప్రకారం స్వాధీనం చేసిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపం, పనితనంలో లోపం బయటపడి బిల్డర్ దృష్టికి తెస్తే, 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. రంగేసే ముందు ఫొటో తీసి, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

ఇల్లంతా చూశాక, వీలైతే అక్కడ పనిచేసే ఆవిడతో మాట్లాడతాను. ఏ మూల ఎంత తుడిచినా తడి ఆరదో, ఏ తలుపు వానాకాలంలో పట్టేస్తుందో ఆమెకు తెలుసు. ఒకచోట వంటగదిలో స్విచ్‌బోర్డు చూపించి, "అది మాత్రం నేను ముట్టను సార్, కాలుతుంటది" అంది. ఇంటివాళ్లు ఆశ్చర్యపోయారు. విప్పి చూస్తే, 2 కిలోవాట్ల ఇండక్షన్ స్టవ్ కన్వర్టర్ ప్లగ్గుతో 6 ఆంపియర్ల సాకెట్‌లో నడుస్తోంది. ఆ స్టవ్ లాగేది దాదాపు 9 ఆంపియర్లు. వెనక తీగ తొడుగు గోధుమరంగుకు మాడి, ముట్టుకుంటే పొడిగా రాలింది. నివేదిక మొదటి పేజీలో, అన్నిటికంటే పైన అదే రాశాను.