మల్లమ్మను ఎవరడిగారు?

మా ఉద్దానంలో బొబ్బిలి కథ వినకుండా పెరిగిన ఆడపిల్ల ఉండదనుకుంటాను. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడేదాకా బొబ్బిలి మా శ్రీకాకుళం జిల్లాలోదే. టెక్కలి, పలాస వైపు ఊళ్ళల్లో జముకుల కథగానో బుర్రకథగానో, తర్వాత సినిమాగానో ఆ కథ మా చెవిన పడుతూనే ఉంది. అందులో రాణి మల్లమ్మదేవి తప్పకుండా ఉంటుంది. కానీ ఆమె గురించి మనకు తెలిసిందెంత? రంగారావు భార్య, తాండ్ర పాపారాయుడి తోబుట్టువు, చిన్న రంగారావు తల్లి. ఈ మూడు చుట్టరికాలూ తీసేస్తే మిగిలేది ఆమె చావొక్కటే.

దిట్టకవి నారాయణకవి కావ్యం పేరు ‘రంగరాయ చరిత్రము’, భర్త పేరు. 1986లో దాసరి నారాయణరావు తీసిన సినిమా ‘తాండ్ర పాపారాయుడు’, తోబుట్టువు పేరు. 1964 నాటి ‘బొబ్బిలి యుద్ధం’లో మల్లమ్మ భానుమతి. సినిమాలు తీసి, దర్శకత్వం చేసి, పాడి, కథలు రాసిన మనిషి ఆమె. అంతటి భానుమతి వేసినా రాణికి కథ ఇచ్చే చోటు అంతే. మల్లమ్మ పేరు పెట్టి ఆమె బతుకును చెప్పిన కావ్యమేదీ మన పాఠ్యపుస్తకాల్లోకి రాలేదు.

ఇంతకీ 1757 జనవరి 24న కోటలో ఏం జరిగింది? బయట బుస్సీ ఫ్రెంచి సేన, విజయనగరం విజయరామరాజు బలగం. కోట నిలవదని తేలిపోయింది. కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ రాసిన ప్రకారం, రంగారావు తన ముఖ్యుల్ని పిలిచి, శత్రువు చేతికి చిక్కకుండా ఆడవాళ్ళనీ పిల్లల్నీ ముందే చంపెయ్యాలని నిర్ణయించాడు. మగవాళ్ళు కాగడాలు, బల్లేలు, బాకులు పట్టుకుని తమ తమ ఇళ్ళకే వెళ్ళారు. ఇళ్ళకు నిప్పుపెట్టారు. తమవాళ్ళనే పొడిచారు. ఆర్మ్ యుద్ధాన్ని కళ్ళారా చూసినవాడు కాదు, అతని మాటే వేదమని నేననను. కానీ మన కథ కూడా ఆ చావుల్ని కాదనదు. మాట మాత్రం మారుస్తుంది. ‘చంపారు’ అన్నచోట ‘ప్రాణాలర్పించారు’ అంటుంది. క్రియ మారగానే చంపినవాడు మాయమవుతాడు, చచ్చినామె దేవత అవుతుంది. మల్లమ్మ తనంతట తానే ప్రాణం తీసుకుందని కథ చెప్తుంది. నిజంగా అంతే కావచ్చు. కానీ చుట్టూ ఉన్న ఇళ్ళన్నీ తగలబడుతున్నప్పుడు ‘తనంతట తాను’ అనే మాటకు అర్థమేముంది?

ఆర్మ్ ఇంకొక్క సంగతి రాశాడు. మారణకాండ ముగిశాక ఒక ముసలాయన ఒక పిల్లవాణ్ణి వెంటబెట్టుకొచ్చి ఫ్రెంచి అధికారికి అప్పగించాడు. ఇతను రంగారావు కొడుకు, తండ్రి ఇష్టానికి విరుద్ధంగా కాపాడానన్నాడట. ఆ పిల్లవాడి వల్లే బొబ్బిలి వంశం నిలిచింది. అంటే ఆ రోజు ఒకరు మాట జవదాటారు, కాబట్టి ఒక ప్రాణం మిగిలింది. కొడుకు కోసం జవదాటిన మాట తల్లి కోసం ఎవరైనా జవదాటారా? ఆ కోటలోని దాసీల కోసం, సైనికుల భార్యల కోసం? వాళ్ళ పేర్లు కూడా మనకు లేవు.

పలాసలో జీడిపిక్కలు కొట్టే ఒకామెను అడిగాను, “అప్పా, మల్లమ్మ సావకపోతే ఏటయ్యేదంటావు?” అని. జీడి రసానికి నల్లబడ్డ వేళ్ళు చీరకు తుడుచుకుంటూ నవ్వింది. “ఏటవుద్దమ్మా, బతికుంటే ఎవులు పాట కడతారు?” ఇన్నేళ్ళుగా చదివిన విమర్శల్లో ఇంత సూటి మాట నాకు కనబడలేదు.

ఉద్దానంలోనే ఇంకొక చావుంది. మందస జమీందారీలో అడవి కలప, వంటచెరకు మీద ఆంక్షలు. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. ఆ వెంటనే, ఏప్రిల్ 1న, గుడారి రాజమణిపురంలో రైతుల్ని పట్టుకుపోవడానికి వచ్చిన పోలీసులకు సాసుమాన గున్నమ్మ అడ్డం నిలబడింది. కాల్పుల్లో చనిపోయింది. అప్పటికామె గర్భిణి. ఆమె రాణి కాదు, రైతు. మానం కోసమో వంశం పరువు కోసమో చావలేదు. మనుషుల్ని తీసుకుపోవద్దంది, అడవి మాకూ కావాలంది. చావును కోరుకోలేదు, చంపింది ఎవరో ఊరందరికీ తెలుసు.

అయినా వేదికల మీద గున్నమ్మను వీరమాతగా, రాణులతో పోల్చి పొగడడం విన్నాను. ఆ పొగడ్తలో కట్టెల గొడవ వెనక్కి పోయి కడుపులోని బిడ్డే మిగులుతుంది. గున్నమ్మను మల్లమ్మంత ఎత్తులో కూర్చోబెట్టడం గౌరవం కాదు. మల్లమ్మను గున్నమ్మ పక్కన నిలబెట్టి చూడాలి, నువ్వేం కోరుకున్నావమ్మా అని అడగాలి. 2010లో సోంపేట బీల కోసం, 2011లో టెక్కలి దగ్గరి కాకరాపల్లిలో థర్మల్ ప్లాంట్లకు ఎదురు నిలిచిన ఆడవాళ్ళు గున్నమ్మ వారసులు. రెండు చోట్లా తుపాకులు పేలాయి. వాళ్ళలో బతికున్నవాళ్ళ మీద పాటలు తక్కువ. బొబ్బిలి కథను మళ్ళీ కట్టేవాళ్ళెవరైనా ఉంటే, ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చోమని నా మనవి.