నిరపాయమైన వాయువు: ఒక ప్రయోగముపై విమర్శ

1930 ఏప్రిల్‌లో అట్లాంటా నగరములో అమెరికన్ రసాయన సంఘ సమావేశము జరిగినది. అందులో టామస్ మిడ్గ్లీ అను ఇంజనీరు ఒక వాయువును రొమ్ము నిండుగా పీల్చి, మెల్లగా వదలి, వెలుగుచున్న క్రొవ్వొత్తిని ఆర్పి చూపినాడు. ఆ వాయువు డైక్లోరోడైఫ్లోరోమీథేను. శీతల యంత్రములలో అంతవరకు వాడుచుండిన అమోనియా, సల్ఫర్ డయాక్సైడు, మీథైల్ క్లోరైడు విషవాయువులు. ఈ క్రొత్తది విషము కాదు, మండదు అని మిడ్గ్లీ ఒక్క ఊపిరితో రుజువు చేసినాడు.

తరగతిలో ఈ కథ చెప్పునపుడు మనము అతని ధైర్యమునైనా మెచ్చుకొందుము, తరువాత కలిగిన హానికి అతనినైనా నిందింతుము. ఈ రెండింటివల్లను ప్రయోగము మనకు అర్థము కాదు. అది ఏ ప్రశ్న నడిగినది, ఏ ప్రశ్న నడుగలేదు? విమర్శ అక్కడ మొదలుకావలెను.

ఆ ప్రయోగము జరిగినది ఒక గదిలో, ఒక మనిషిపై, కొద్ది నిమిషములపాటు. ఆ హద్దులలో జవాబు సరియైనదే. కాని యంత్రములో సుగుణమైన స్థిరత్వమే బయట దోషమైనది. ఈ అణువు గాలిలో సుమారు 100 సంవత్సరములు చెడక నిలిచి, స్ట్రాటోస్ఫియరును చేరి, అతినీలలోహిత కిరణములకు విచ్ఛిన్నమై క్లోరినును విడుదల చేయును. ఒక్కొక్క క్లోరిను పరమాణువు వేలకొలది ఓజోను అణువులను నాశనము చేయగలదు. మోలినా, రోలండ్ ఈ సంగతిని 1974లో చెప్పినారు. 1985లో అంటార్కిటికాపై ఓజోను క్షయము బయటపడినది. 1987లో మాంట్రియల్ ఒప్పందము కుదిరినది. గాలిలో ఇంత సూక్ష్మ పరిమాణములను కొలిచే సాధనము 1930లో లేదు. కనుక తప్పు ప్రయోగముది కాదు. ఒక గదికి చెల్లిన జవాబును ఆకాశమంతటికీ అన్వయించుకొన్న మనది.

ఈ పొరపాటు ఒక్కసారితో ఆగలేదు. 1990 తరువాత కొద్ది ఏండ్లలో కార్ల ఏసీలలో ఆర్-12కు బదులు ఆర్-134ఎ వచ్చినది. దీనిలో క్లోరిను లేదు, ఓజోనుకు హాని లేదు. ‘ఓజోనుకు హాని లేనిది’ అన్న మాట క్రమముగా ‘హాని లేనిది’గా కుదించుకుపోయినది. కాని 100 సంవత్సరముల లెక్కలో ఒక కిలో ఆర్-134ఎ సుమారు 1,430 కిలోల కార్బన్ డయాక్సైడుతో సమానముగా భూమిని వేడెక్కించును. ఒక కారు ఏసీలో అర కిలో ఉన్నదనుకొందము. దానిని గాలిలోకి వదలుట 715 కిలోల కార్బన్ డయాక్సైడును వదలుటతో సమానము. లీటరు పెట్రోలు మండినపుడు సుమారు 2.3 కిలోలు వెలువడును. అనగా ఆ అర కిలో 310 లీటర్ల పెట్రోలుకు సాటి!

ఈ లెక్కకు కారు మరమ్మతుతో దగ్గరి సంబంధమున్నది. శీతల దేశములలో కారు లోపలిభాగమును వెచ్చపరచునది హీటర్ కోర్. అది ఒక చిన్న రేడియేటరు. ఇంజనునుండి వచ్చు వేడి కూలెంటు దానిలో ప్రవహించును. అది కారినచో కాళ్లదగ్గరి తివాసీ తడియును, తీపి వాసన వచ్చును, అద్దమునకు ఆవిరి పట్టును. అనేక కార్లలో డాష్‌బోర్డు వెనుక ఒకే పెట్టెలో హీటర్ కోరు, ఏసీవారి ఇవాపరేటరు కలిసి ఉండును. కొన్నింటిలో కోరును విడిగా లాగవచ్చును. మరికొన్నింటిలో పెట్టె దించవలెనన్న ఏసీ గొట్టములు విప్పక తప్పదు. చెడినది హీటరు, కాని ప్రమాదము శీతలక వాయువునకు.

గొట్టమును అట్లే విప్పి ‘గ్యాసు పోనీ, తరువాత నింపుదము’ అనుట మిడ్గ్లీ గదిలోనికి తిరిగి పోవుటయే. గది ఖాళీ అగును, వాసన ఉండదు, ఎవరికీ ఏమీ కాదు. అమెరికాలో ఆర్-12 వంటి వాయువులను ఇట్లు వదలుట 1992 జూలైలోను, ఆర్-134ఎ వంటివానిని వదలుట 1995 నవంబరులోను నిషిద్ధమైనవి. సరియైన పద్ధతి ఇది: ముందుగా రికవరీ యంత్రముతో వాయువును సిలిండరులోనికి లాగి తూకము వేయవలెను. పని ముగిసిన పిదప గొట్టముల అతుకులకు క్రొత్త రబ్బరు వలయములు వేసి, లోపలి గాలిని, తేమను వాక్యూము పంపుతో తీసివేసి, లీకు లేదని చూచి, నిర్ణీత తూకమునే నింపవలెను. పాత కూలెంటును కూడ కాలువలో పోయరాదు. అందలి ఎథిలీన్ గ్లైకాలు తీపిగానుండు విషము.

మన ఎండలలో హీటరుతో అవసరము తక్కువ. అయినను ఇవాపరేటరు కారినపుడు మన మెకానిక్కులకును ఇదే పని పడును. ‘ఏటేటా గ్యాసు నింపించవలె’ అన్న నమ్మకమును కూడ పరిశీలింపవలసి ఉన్నది. వాయువు పెట్రోలువలె ఖర్చగునది కాదు. తగ్గినదనగా ఎక్కడో కారినదన్నమాట. లీకును మూయక నింపినచో అదియు ఆకాశమునకే పోవును.

ఇప్పుడు క్రొత్త కార్లలో ఆర్-1234వైఎఫ్ వచ్చుచున్నది. అది గాలిలో కొద్ది దినములే నిలుచును, వేడెక్కించు శక్తి అత్యల్పము. కాని స్వల్పముగా మండును. విచ్ఛిన్నమై ట్రైఫ్లోరోఎసిటిక్ ఆమ్లమగును, అది నీటిలో చేరి చెడక నిలిచిపోవును. కనుక దీనిని కూడ ఒక్క ముక్కలో ‘మంచిది’ అని ముగింపరాదు.

మిడ్గ్లీ కథ చెప్పిన ఉపాధ్యాయుడు క్రొవ్వొత్తి ఆరిన చోట పాఠము నాపక, పిల్లలచే నాలుగు ప్రశ్నలు అడిగించవలెను: నిరపాయము ఎవరికి? ఎంత పరిమాణములో? ఎంతకాలము? వదలిన పిదప అది ఎక్కడికి పోవును? నాలుగవ ప్రశ్న నడుగుట నేర్చిన విద్యార్థి రేపు మెకానిక్కైనను, రసాయనవేత్తయైనను, గొట్టము విప్పకముందే సిలిండరును వెదకును.