ఆవు–పులి కథలో మిగిలిన ఆవులు

ఆవు–పులి కథ వినని తెలుగు పిల్లలు ఉండరు. 15వ శతాబ్దిలో అనంతామాత్యుడు 'భోజరాజీయం' అనే కావ్యంలో దీన్ని పద్యాలలో రాశాడు. అడవిలో మేతకు పోయిన ఆవును పులి పట్టుకుంటుంది. ఇంట్లో దూడ ఉంది, పాలిచ్చి తిరిగి వస్తానని ఆవు మాటిస్తుంది. అన్నట్టే వస్తుంది. పులి మనసు కరిగి ఆవును వదిలేస్తుంది. కథ అయ్యాక "దీంట్లో నీతి ఏంది?" అని ఎవరడిగినా, "ఆడిన మాట తప్పకూడదు" అని క్లాసంతా ఒక్క గొంతుతో అరుస్తాము. నేనూ అరిచినాను. ఇప్పుడు పదో తరగతికి వచ్చినాక, ఆ నీతి తప్పని కాదు గాని, కథలో అంతకంటే పెద్ద సంగతి ఇంకోటి ఉందని నాకు తోస్తోంది. మా ఇంట్లో ఆవులు ఉండబట్టి ఇట్ల తోస్తోందేమో.

ముందు కవిని మెచ్చుకోవాల. ఆయనకు ఆవుల సంగతి బాగా తెలుసు. ఆవు పులితో ఏమంటుంది? నాది తొలిచూలు దూడ, పుట్టి ఏడెనిమిది రోజులే అయింది, దానికింకా గడ్డి మేయడం తెలియదు అంటుంది. ఈ లెక్క మా తాతకు చదివి వినిపించినాను. "సరిగానే రాసినాడే" అన్నాడు. రెండు వారాలు దాటితేగాని దూడ గడ్డిపోచ నోట పెట్టి చూడదు. అంతవరకు తల్లి పాలే దానికి గతి. పైగా సాయంత్రం అయ్యేసరికి పాలు నిండి పొదుగు బిగిసిపోతుంది. దూడ ఉన్న ఆవు మంద కంటే ముందే అరుచుకుంటా ఇంటిదారి పడుతుంది. అంటే కవి ఆవు నోట పెట్టింది సాకు కాదు, కొట్టంలో రోజూ జరిగే పని. అందుకే మనం నమ్ముతాము.

కాని నాకొక అనుమానం. ఈ ఆవుకు పెంచినవాళ్ళు లేరా? మా మహేంద్రమంగళంలో పొద్దు గూకినా ఆవు రాలేదంటే తాత టార్చిలైటు తీసుకొని బయలుదేరతాడు. (మాకు పులి భయం లేదు. రాగి కోతకొచ్చే కాలంలో ఏనుగుల భయమే.) నేను తెలుగులో విన్న కథలో ఆవు, దూడ, పులి తప్ప మనుషులు కనపడరు.

కన్నడంలో ఇదే కథ 'గోవిన హాడు' అని పాటగా ఉంది. మా చిన్నమ్మ పుట్టిల్లు కన్నడం మాట్లాడే ఇల్లు. పాలు పితికేటప్పుడు ఆమె ఆ పాట పాడుతుంది. అందులో కాళింగ అనే గొల్లవాడు ఉన్నాడు, ఆవుకు పుణ్యకోటి అని పేరుంది. అన్నిటికంటే నాకు నచ్చింది ఇంకోటి. తల్లి పోతానంటే దూడ ఊరుకోదు. నేనెవరి పాలు తాగాల, ఎవరి పక్కన పడుకోవాల అని అడుగుతుంది. అప్పుడు తల్లి తక్కిన ఆవుల దగ్గరికి పోయి, నా బిడ్డ మీ ముందుకొచ్చినా వెనకకొచ్చినా కుమ్మకండి, తన్నకండి, మీ బిడ్డ అనుకోండి అని బతిమాలుతుంది.

ఇది ఊరికే ఏడిపించడానికి రాసిన మాట కాదు. తల్లిలేని దూడను వేరే ఆవు నిజంగానే తంతుంది. రెండేండ్ల కిందట వానలు లేక జొన్న ఎదగలేదు. అట్లాంటి పైరులో విషం ఉంటుంది. మా ఆవొకటి కట్టు తెంచుకొని పోయి దాన్ని మేసి, నాము పట్టి గంటలో చచ్చిపోయింది. దాని దూడకు పది రోజులు. ఆకలికి అది గౌరి అనే ఇంకో ఆవు దగ్గరికి పోతే, గౌరి కాలెత్తి తన్నింది. గౌరికి సొంత దూడ ఉంది కదా! చిన్నమ్మ ఆ దూడ వీపున ఉప్పు, తవుడు రాసి గౌరి మూతి దగ్గరికి తోసేది. నాకుతా నాకుతా మచ్చికవుతుందని. నాలుగు రోజులు గౌరి కాళ్ళకు తాడు కట్టాల్సి వచ్చింది. "బతిమాలితే వినేదానికి ఇదేమన్నా కతలో ఆవా?" అన్నాడు తాత. ఐదో రోజు తాడు లేకుండానే తాగనిచ్చింది. మేము పాలసొసైటీకి పోసే పాలు పూటకు లీటరు తగ్గినాయి. ఆ లీటరు గురించి ఇంట్లో మాట్లాడుకోకుండా ఉండలేదు. మాట్లాడుకున్నారు, గట్టిగానే.

ఆ కరువులోనే మా అమ్మ, నాయన బెంగుళూరుకు కట్టడం పనికి పోయినారు. మా పక్క చాలా ఇండ్లలో ఇది మామూలే. పోయేరోజు తెల్లవారి బస్సు దగ్గర అమ్మ చిన్నమ్మ చెయ్యి పట్టుకొని, "వీడు అన్నం కాడ మారాం చేస్తాడు, కోప్పడొద్దు అక్కా" అనింది. చిన్నమ్మ అమ్మకంటే చిన్నది. ఎప్పుడూ "ఏమ్మే" అనే పిలిచే అమ్మ ఆ రోజు "అక్కా" అనింది. చిన్నమ్మకు ఇద్దరు పిల్లలు. ఆ సాయంత్రం ఆమె పాలు పితుకుతా ఆ పాట ఎత్తుకొని, ఆవులను బతిమాలే చోటికి వచ్చి ఆపేసింది. మళ్ళీ చాలా రోజులు పాడలేదు.

కన్నడ రచయిత ఎస్.ఎల్. భైరప్ప 1968లో రాసిన ఒక నవలలోనూ కాళింగ వంశం, పుణ్యకోటి ఆవు ఉన్నాయి. అమెరికాలో చదివి వచ్చిన మనవడికి ఆ ఆవుల మీద పాతకాలం వాళ్ళ భక్తి ఉండదు. 1977లో గిరీశ్ కర్నాడ్, బి.వి. కారంత్ దాన్ని సినిమా తీసినారు. నవల పేరు 'తబ్బలియు నీనాదె మగనె'. 'తల్లిలేనివాడివైతివా కొడుకా' అని అర్థం. ఆ పేరు ఈ పాటలోదే. పాటలో సత్యం గురించి, మాట నిలబెట్టుకోవడం గురించి ఎన్ని మాటలు లేవు? ఆయన వాటిని వదిలి దూడ గురించిన మాటనే ఏరుకున్నాడు. ఇది చూసినాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

ఇంక ముగింపు సంగతి. కన్నడంలో పులి సిగ్గుపడి దూకి చచ్చిపోతుంది. అది నాకు నచ్చలేదు. ఆకలైన జంతువు వేటాడితే తప్పేముంది? తెలుగులో వదిలేసి పోవడమే బాగుంది. కాని రెండిట్లోనూ ఒక లోటు ఉంది. తల్లి క్షేమంగా ఇంటికి వచ్చేస్తుంది. ఆవు మాటకు పరీక్ష జరిగింది, పులి మనసుకు పరీక్ష జరిగింది. "మీ బిడ్డ అనుకోండి" అంటే విన్న ఆ మిగిలిన ఆవులకు మాత్రం పరీక్షే రాలేదు. అవి పాలిచ్చేవా, తన్నేవా? కథ దాని జోలికి పోదు. మాట ఇచ్చిన ఆవును పొగిడినవాళ్ళు, మాట విన్న ఆవుల పేర్లు కూడా అడగలేదు.

పోయిన సంక్రాంతికి అమ్మ వచ్చినప్పుడు ఈ వ్యాసం చదివి వినిపించినాను. ఏమీ అనలేదు. కొట్టంలోకి పోయి గౌరి కొమ్ములకు రంగు వేసింది, ముందు దానికే పొంగలి పెట్టింది. ఆ దూడ ఇప్పుడు కోడె. ఇంకా దాని పక్కనే పడుకుంటుంది.