తొంభై డెసిబెళ్ల పనితనం

ఖరగ్‌పూర్‌లో దీపావళి, కాళీపూజ ఒకే అమావాస్యకు వస్తాయి. నిమ్‌పురా, మథురాకాటి వైపు తెలుగువాళ్లు ప్రమిదలు పెట్టే రాత్రే బెంగాలీల పందిళ్లలో పూజ మొదలవుతుంది. ఆ రాత్రి మోతకు పశ్చిమ బెంగాల్‌లో సుమారు పాతికేళ్ల పాటు ఉన్న హద్దు 90 డెసిబెళ్లు, పేలిన చోటికి 5 మీటర్ల దూరంలో. నియమం రాయడంలోని పనితనానికి ఆ అంకె మంచి నమూనా.

పేలుడు పదార్థాలు రాజ్యాంగంలో కేంద్ర జాబితాకు చెందినవి; శాసనసభ చేతికి అందవు. అందుకే 1990లలో, కలకత్తా హైకోర్టు ఆదేశాల దరిమిలా, టపాసును శబ్ద కాలుష్యం కింద చూసి కాలుష్య నియంత్రణ మండలి హద్దు గీసింది.

1999 అక్టోబరులో కేంద్రం పెట్టిన హద్దు 4 మీటర్ల దగ్గర 125. అదీ శ్రద్ధగా రాసిందే. పరీక్ష గట్టి కాంక్రీటు నేల మీద జరగాలి. చుట్టూ 15 మీటర్ల లోపు శబ్దాన్ని తిప్పికొట్టే గోడ ఉండకూడదు. సీమటపాకాయల దండలో 10 కాయలుంటే హద్దు 5 డెసిబెళ్లు తగ్గుతుంది, 100 ఉంటే 10, వెయ్యివాలాకు 15. దండ పొడిగించి మోత పెంచే ఉపాయానికి ముందే కళ్లెం వేశారు.

అయితే అది వర్క్‌షాపు గేజి లాంటిది. సరుకు గేటు దాటకముందే పనికొస్తుంది. ఎదురెదురు క్వార్టర్ల సందులో 15 మీటర్ల ఖాళీ ఎక్కడిది? ప్రతి కానిస్టేబులు చేతిలో మీటరు ఎక్కడిది? బెంగాల్ అంకె గొప్పదనం ఇక్కడే. 90 దాటకుండా బాంబు పేలడం దాదాపు అసాధ్యం. ఢామ్మందంటే తప్పే, పట్టుకోవడానికి చెవులు చాలు. కాకరపువ్వొత్తులు, చిచ్చుబుడ్లు, భూచక్రాల జోలికి మాత్రం పోదు.

లోపం లేదని కాదు. బాంబులకు గిరాకీ చావలేదు, దొంగ తయారీ ఆగలేదు. ఖరగ్‌పూర్ సబ్‌డివిజన్‌లోనే ఉన్న పింగ్లాలో 2015 మేలో అలాంటి తయారీ కేంద్రం పేలి, పిల్లలతో సహా పలువురు చనిపోయారు. అమ్మకానికి గీసిన గీత తయారీని కాపలా కాయలేదు.

2023 అక్టోబరులో రాష్ట్రం 125కు మారింది. డెసిబెళ్ల లెక్కలో ఆ తేడా శబ్దశక్తిలో వెయ్యి రెట్లకు పైనే. దేశమంతటితో కొలత కలిసింది గానీ, చెవితో పట్టే సులువు పోయింది. టపాసులపై నియమం రాయబూనిన ఏ రాష్ట్రమైనా ముందు చదవాల్సింది బెంగాల్ పాత అంకెనే.