తొవ్వ తెగకుండా

మానుకోట ఊరిని రైలు పట్టా రెండుగా చీల్చింది. కాజీపేట నుంచి డోర్నకల్ మీదుగా విజయవాడ పోయే లైను అది; ఢిల్లీ, చెన్నై మధ్య తిరిగే బండ్లు దాని మీదే పరుగెడతాయి. ఇవతలి నీళ్లు అవతలికి పోవాలంటే పైపు కట్ట కిందుగా దూరాల్సిందే. కట్టను కోస్తామంటే రైల్వేవాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. 2024 సెప్టెంబర్ 1న ఇంటికన్నె, కేసముద్రం మధ్య వరద ఆ కట్టనే కోసుకుపోయింది. పట్టాలు గాల్లో వేలాడాయి, రైళ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. పట్టా కింద మట్టి విలువ మానుకోట జిల్లావాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

అందుకే పుషింగ్. కట్టకు ఇటొక గుంత, అటొక గుంత. ఇటు గుంతలో వెనక గోడకు ఆనించి హైడ్రాలిక్ జాక్ బిగిస్తారు. అది కేసింగ్ పైపును మట్టిలోకి తోస్తుంది. పైపు మూతిలోకి వచ్చిన మట్టిని తోడేస్తారు, జాక్‌ను వెనక్కి తీసి ఇంకో ముక్క అతుకుతారు, మళ్లీ తోస్తారు. పైపు మనిషి పట్టేంత పెద్దదైతే లోపలికి పాకి మట్టి తవ్వేది మనిషే. పనితనమంతా అక్కడే ఉంది. పైపు జరిగినంత మేరకే మట్టి తీయాలి. ఆత్రపడి మూతికి ముందున్నది కూడా లాగేస్తే పైన బోలు పడి పట్టా కుంగుతుంది; తక్కువ తీస్తే జాక్ మొరాయిస్తుంది, నేల ఉబ్బుతుంది. అసలు నీళ్ల పైపు చివర్లో, కేసింగ్ లోపలి నుంచి పోతుంది. రేపది పగిలినా నీళ్లు కట్టలోకి ఊరకూడదు, పట్టా జోలికి పోకుండా పైపును బయటికి లాగి మార్చుకోవాలి.

జనగామలో లెక్క వేరు. అక్కడ పైన మొరం, కింద గ్రానైట్.

సన్న పైపులకు, ఫైబర్ కేబుళ్లకు వాడే హారిజాంటల్ డైరెక్షనల్ డ్రిల్లింగ్ (హెచ్‌డీడీ) మిషన్‌కు అసలు పరీక్ష ఇలాంటి నేలే. నూనె బావుల డ్రిల్లింగ్‌ను అడ్డంగా తిప్పిన ఈ పద్ధతితో 1971లో మార్టిన్ చెరింగ్టన్ అనే కాంట్రాక్టర్ కాలిఫోర్నియాలో పహారో నది కింద గ్యాస్ పైపు వేశాడు. రాడ్ ఏటవాలుగా దిగి, నేలకు సమంగా సాగి, అవతల పైకి తేలుతుంది. బిట్ వెనకాల ట్రాన్స్‌మిటర్ ఉంటుంది. పైన ఒకాయన లొకేటర్ పట్టుకుని నడుస్తూ లోతు, వాలు చదువుతుంటాడు. బిట్ మూతి ఒక పక్కకు చెక్కి ఉంటుంది. తిప్పుతూ తోస్తే తిన్నగా పోతుంది, తిప్పకుండా తోస్తే పక్కకు మళ్లుతుంది. తర్వాత రీమర్‌తో బొక్కను వెడల్పు చేసి, పైజామాకు నాడా ఎక్కించినట్టు పైపును వెనక్కి లాగుతారు. బొక్క కూలకుండా పట్టి ఉంచేదీ, తవ్విన పొడిని బయటికి మోసుకొచ్చేదీ బెంటోనైట్ బురద. దాని ఒత్తిడి మితిమీరితే రోడ్డు మీది పగుళ్లలోంచి ఉబుకుతుంది. మొరంలో హాయిగా పోయే బిట్ గ్రానైట్ తగలగానే దాని వీపు మీద జారి దారి తప్పుతుంది. రాతికి వేరే బిట్, పెద్ద మిషన్, పెద్ద ఖర్చు. ఆ ఖర్చు తప్పించుకోవడానికి జేసీబీతో కొత్త సీసీ రోడ్డును కోసేసే కాంట్రాక్టర్ మీద కోపం రావడం న్యాయమే. కానీ రాతికి సరిపడా రేటు రాయని ఎస్టిమేట్‌కు కూడా ఆ తప్పులో వాటా ఉంది.

భూపాలపల్లికి నేల కింది పని కొత్త కాదు. కాకతీయ ఖని గనుల్లో బాయి దిగేవాళ్ల ఊరది. కప్పును కడ్డీతో తట్టి, వచ్చే చప్పుడును బట్టి అది గట్టిగా ఉందో వదులైందో చెప్పడం బొగ్గు బాయిలో పాత విద్య. లొకేటర్ తెర మీద ఆ చప్పుడు వినిపించదు.

నేల అందరికీ ఒకేలా లొంగదు. దేవాదుల ఎత్తిపోతల గోదావరి నీళ్లను గంగారం దగ్గర తోడి జనగామ వైపు బొమ్మకూరు, గండిరామారం రిజర్వాయర్లకు చేరుస్తుంది. గంగారం 2016 నుంచి 2019 దాకా భూపాలపల్లి జిల్లాలోనే ఉండేది. ఈ పథకం మూడో దశలో రామప్ప నుంచి ధర్మసాగర్ దాకా దాదాపు 49 కిలోమీటర్ల సొరంగం ఉంది. 2011లో చలివాగు దగ్గర నీళ్లు అందులోకి చొచ్చుకొచ్చి కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగంలో పైకప్పు కూలి 8 మంది చిక్కుకుపోయారు. పైన నేల చెదరలేదని చెప్పుకునేటప్పుడు కిందున్న మనిషిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

చిన్న పట్టణాల్లో చిక్కు ఇంకోటి. మిషన్ భగీరథ కింద రాష్ట్రంలో లక్ష కిలోమీటర్లకు పైగా పైపులు పడ్డాయి, వాటి వెంటే టీ-ఫైబర్ గొట్టాలూ పడ్డాయి. పాత మున్సిపల్ లైన్లు, టెలిఫోన్ కేబుళ్లు అంతకుముందు నుంచే ఉన్నాయి. ఏది ఎంత లోతున ఉందో ఎవరినడగాలి? తవ్వేముందు సంబంధిత సంస్థలను అడగడానికి కేంద్రం 2023 మార్చి 22న ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్ తెచ్చింది. అవతలివాళ్ల దగ్గర లోతు రాసిన కాగితం ఉంటేనే జవాబొస్తుంది. హెచ్‌డీడీ ముఠా రాడ్ రాడ్‌కూ లోతు చదువుతుంది. రాసిపెడితే ఆ కాగితం తయారైనట్టే. బిల్లు పాసయ్యే ముందు అది మున్సిపల్ ఇంజనీరు చేతికి అందాలని టెండర్‌లో రాయాలి. లేదంటే ఇవాళ రోడ్డు తెగకుండా పోయిన పైపును రేపు ఇంకో శాఖ జేసీబీ తెంపుతుంది.